సొమ్మొకడిది, సోకొకడిది

ఏటా జనవరి 16 వచ్చిందంటే దేశమంతా అంకుర పరిశ్రమల పండగ. 2016లో అదే తేదీన స్టార్టప్ ఇండియా మొదలైంది కనుక ఆ రోజును జాతీయ దినోత్సవం చేశారు. హైదరాబాద్‌లో టీ-హబ్ అద్దాల మేడ ముందు ఫొటోలు, అమరావతిలో ‘ఇంటికో పారిశ్రామికవేత్త’ నినాదం, ఢిల్లీలో ఉద్యోగాలు అడగడం మాని ఇచ్చేవాళ్లు కావాలనే ఉద్బోధ. కుర్రాళ్లు కంపెనీలు పెడితే మంచిదే, ఎవరు కాదంటారు? అయితే కంపెనీ పెట్టి ఇరవై ఏళ్లు దాటినవాళ్లు కూడా ఈ నేల మీదే ఉన్నారు. బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్ల, విజయవాడ ఆటోనగర్, విశాఖ ఆటోనగర్... ఏ షెడ్డులోకి వెళ్లి వ్యాపారం ఎలా ఉందని అడిగినా ఒకటే జవాబు: ‘ఆర్డర్లున్నాయి సార్, డబ్బుల్లేవు.’

ఆర్డరు వచ్చి, సరుకు తయారై, లారీ ఎక్కి, అవతలివాడి గోదాములో దిగి, వాడి యంత్రంలో బిగించాక కూడా డబ్బు రాకపోతే దాన్ని వ్యాపారంలో ఒడిదుడుకు అనరు. ఒకడి సొమ్ము ఇంకొకడు వాడుకోవడం అంటారు. చిన్న పరిశ్రమ ఎందుకు ఎదగడం లేదని కమిటీల మీద కమిటీలు వేస్తున్న ప్రభుత్వాలూ, నవకల్పన గురించి సదస్సుల్లో ఉపన్యాసాలిచ్చే పెద్ద కంపెనీలూ ఈ కేసులో ముద్దాయిలు. ఇద్దరిలో మొదటి ముద్దాయి ప్రభుత్వమే.

లెక్క వేసి చూద్దాం. పది మంది పనివాళ్లు, రెండు లేత్‌లు, ఒక సీఎన్‌సీ యంత్రం ఉన్న యూనిట్ ఒక పెద్ద కంపెనీకి 10 లక్షల రూపాయల విడిభాగాలు చేసి పంపిందనుకోండి. ఉక్కు, కూలీ, కరెంటు, అద్దె అన్నీ కలిపి ఖర్చు 9 లక్షల 20 వేలు. మిగులు 80 వేలు. పైన 18 శాతం జీఎస్టీ, అంటే లక్షా 80 వేలు. ఉక్కు అమ్మేవాడు డబ్బు ముట్టందే లోడు ఎత్తడు. జీతాలు 7వ తేదీకి, పీఎఫ్ 15కి, జీఎస్టీ మరుసటి నెల 20కి కట్టి తీరాలి. డబ్బు చేతికొచ్చిందా అని జీఎస్టీ అడగదు, బిల్లు కొట్టావా అని మాత్రమే అడుగుతుంది. అలా మొత్తం 11 లక్షలు యజమాని చేతి నుంచి వెళ్లిపోయాయి. అందులో సొంత డబ్బు ఎంతుంటుంది? బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద 11 శాతం వడ్డీ వేసుకున్నా, బిల్లు ఆరు నెలలు ఆగితే 60 వేలు వడ్డీకే పోతాయి. ఎనిమిది నెలలు ఆగితే 80 వేలూ హుళక్కి. అవతల సరుకు కొన్న పెద్దమనిషి మాత్రం ఆ లక్షా 80 వేల పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా చూపించి, తను కట్టాల్సిన పన్నులోంచి అప్పుడే తగ్గించుకున్నాడు. చిన్నవాడు కట్టిన పన్ను ఆయన ఖాతాలో జమ. చిన్నవాడి సరుకు ఆయనకు వడ్డీ లేని అప్పు.

ఒకే బిల్లుకు మన చట్టాలు పెట్టిన గడువులు చూస్తే ఎవరి పక్షాన ఉన్నాయో అర్థమవుతుంది. పన్ను కట్టడానికి చిన్నవాడికి మరుసటి నెల 20 దాకా గడువు. అతనికి డబ్బు ఇవ్వడానికి పెద్దవాడికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ఇచ్చింది గరిష్ఠంగా 45 రోజులు. డబ్బు రాక బ్యాంకు బాకీ సర్దలేకపోతే 90 రోజులు దాటగానే చిన్నవాడి ఖాతా మొండి బకాయి. ఇక జీఎస్టీ చట్టం దగ్గరికి వస్తే, కొన్నవాడు 180 రోజుల్లోపు డబ్బు చెల్లిస్తే చాలు, తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టనక్కర్లేదు. ఒక చట్టం 45 దాటితే తప్పంటుంది. ఇంకో చట్టం 180 దాకా నేనడగనంటుంది. నడుమ 90వ రోజున, డబ్బు రావలసినవాడు ఎగవేతదారుల జాబితాలోకి ఎక్కుతాడు!

ఇలాంటి చోట పరిశ్రమ ఎదగమంటే ఎలా ఎదుగుతుంది? చాంగ్-తై షే, పీటర్ క్లెనో అనే ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో నలభై ఏళ్ల వయసున్న కర్మాగారంలో, కొత్తగా పెట్టినదానితో పోలిస్తే, ఏడు రెట్లకు పైగా పనివాళ్లుంటారు. భారత్, మెక్సికోలలో బతికి బట్టకట్టినవి కూడా అంతే కాలంలో రమారమి రెండింతలే అవుతున్నాయి. మన దగ్గర పెట్టేవాళ్లకు కొదవ లేదు. పెట్టినది పెట్టినట్టే ఉండిపోవడం మన జబ్బు. స్టార్టప్‌ల సంఖ్య చెప్పి చప్పట్లు కొట్టించుకునే మంత్రులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

నిజానికి వాళ్లకు తెలియక కాదు. 2018-19 ఆర్థిక సర్వే ఈ విషయం మీద ఏకంగా ఒక అధ్యాయమే రాసింది. పదేళ్లు దాటినా వంద మంది పనివాళ్లు లేని సంస్థలకు ‘మరుగుజ్జులు’ అని పేరు పెట్టింది. సంఖ్యలో అవి సగానికి పైగా ఉన్నా ఉపాధిలో వాటి వాటా 14 శాతం, ఉత్పాదకతలో 8 శాతమేనని తేల్చింది. కారణమేమిటంటే కార్మిక చట్టాలూ, చిన్నగా ఉన్నంతకాలమే దక్కే రాయితీలూ అంది. ఇందులో నిజం లేకపోలేదు. 1967లో 47 వస్తువులతో మొదలుపెట్టి, వాటిని చిన్న పరిశ్రమలే చెయ్యాలని గిరి గీసి, ఒక దశలో ఆ జాబితాను ఎనిమిది వందలు దాటించారు. చివరి ఇరవై వస్తువులను 2015లో తొలగించారు. అందులో పచ్చళ్లు ఉన్నాయి, రొట్టె ఉంది, అగరుబత్తీ ఉంది. ఆవకాయ జాడీ లేనిదే విమానం ఎక్కని జాతి మనది. పచ్చడి ఫ్యాక్టరీ పెద్దది కాకూడదని చట్టం ఉండేదంటే నవ్వాలో ఏడవాలో! సరే, ఆ గిరి పోయింది. వంద మంది దాటితే తొలగింపులకు ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన కూడా 2025 నవంబరు 21న కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో మూడు వందలకు జరిగింది. సర్వే చూపించిన అడ్డంకులు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. మిగిలింది రావలసిన డబ్బు రాకపోవడం. దానికి ఏ కార్మికుడి మీద నెపం వేస్తారు?

ఎదుగుదల ఆగడానికి ఇంకో ముఖం ఉంది. నికొలస్ బ్లూమ్ బృందం ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో చేసిన ప్రయోగం 2013లో వెలువడింది. యంత్రాలు తుడవడం, నూలు నిల్వకు లెక్క రాయడం, లోపాలు ఏ రోజుకా రోజు నమోదు చేయడం వంటి మామూలు పద్ధతులు నేర్పితేనే మొదటి ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. ఆ సంస్థలు ఎంత పెద్దవో నిర్ణయించే అంశాల్లో ప్రధానమైనది మాత్రం యజమాని కుటుంబంలో ఎందరు మగవాళ్లు ఉన్నారన్నదట. బయటి మేనేజరును నమ్మి పెత్తనం ఇవ్వరు. ఇందులో మగ పెత్తనం ఉంది, పిసినారితనమూ ఉంది. కానీ వసూలు సంగతి తెలిసినవాడికి ఇంకోటి కూడా కనిపిస్తుంది. డబ్బు చట్టం వల్ల రాదు, మొహమాటం వల్ల వస్తుంది. అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరిని పలకరించాలి, ఏ పండగకు స్వీటు పెట్టె ఎవరింటికి వెళ్లాలి, ఎవరి అమ్మాయి పెళ్లికి ముందు వరసలో కూర్చోవాలి... ఇవి జీతానికి పెట్టుకున్నవాడు చేసే పనులు కావు. యజమానో, తమ్ముడో, కొడుకో తిరగాలి. కొత్త డిజైను గురించి ఆలోచించాల్సిన మనిషి వారానికి రెండు రోజులు పేమెంటు కోసం రిసెప్షన్ సోఫాలో కూర్చుంటాడు. ఇంటి మగవాళ్లు ఎందరుంటే అన్ని సోఫాలు. కంపెనీ అంతవరకే.

నవకల్పన గురించి వేరే చెప్పాలా? దేశం పరిశోధన, అభివృద్ధి మీద పెడుతున్నది జీడీపీలో 0.64 శాతం. దీన్ని పెంచడానికి కేంద్రం 2025లో లక్ష కోట్ల రూపాయల నిధికి ఆమోదం తెలిపింది. బాలానగర్ గల్లీల్లో ప్రయోగశాల అని బోర్డు ఉండదు గానీ, పరిశోధన రోజూ జరుగుతుంది. ఒక భాగాన్ని మూడుసార్లు బిగించి కోసేచోట ఒకేసారి కోసే ఫిక్స్చర్ ఎలా చెయ్యాలా అని ఫోర్‌మన్, యజమాని టీ తాగుతూ సుద్దముక్కతో నేల మీద గీసుకుంటారు. చేసి చూడాలంటే మంచి టూల్ స్టీలు కొనాలి, రెండు వారాలు యంత్రం ఆపాలి. చేతిలో రెండు లక్షలు ఉంటే అవుతుంది. ఆ రెండు లక్షలు అవతలివాడి దగ్గర ఉన్నాయి. అదే పేటలో 1970లో మొదలైన ఎంటార్ టెక్నాలజీస్ ఇస్రోకు రాకెట్ ఇంజిన్లు అందించే స్థాయికి వెళ్లి 2021లో స్టాక్ మార్కెట్‌కెక్కింది. చేవ లేని ప్రాంతమైతే అది సాధ్యమయ్యేదా? అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఎందుకున్నాయన్నదే ప్రశ్న.

చట్టం లేదా అంటే, కాగితం మీద మహా గట్టి చట్టం ఉంది. 45 రోజులు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే. బాకీ మీద ఫిర్యాదు వస్తే దాన్ని విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం డిపాజిట్ చెయ్యాలి. ఇంత గట్టి చట్టానికి పెద్ద కంపెనీ కొనుగోలు విభాగం ఎందుకు జంకదు? ఫిర్యాదు చెయ్యాల్సింది చిన్నవాడు కనుక. చేసిన మరునాడు అతని వెండర్ కోడ్ ఆగిపోతుంది. బాకీ వచ్చినా మళ్లీ ఆర్డరు రాదు. పైగా తప్పించుకునే దారులు అందరికీ కంఠతా వచ్చు. గేటు లోపలికి సరుకు తీసుకుంటారు, రసీదు మాత్రం ‘ఇన్‌స్పెక్షన్ పెండింగ్’. ఇన్‌స్పెక్షన్ అయ్యాక, పాత బిల్లు రద్దు చేసి కొత్త తేదీతో తెమ్మంటారు. 45 రోజులు మళ్లీ ఒకటి నుంచి.

ఆ కౌన్సిల్‌కు అధ్యక్షుడు రాష్ట్ర పరిశ్రమల శాఖ డైరెక్టర్. డబ్బు ఎగ్గొట్టింది అదే రాష్ట్ర ప్రభుత్వ శాఖ అయితే, ప్రభుత్వం మీద ఫిర్యాదును ప్రభుత్వ అధికారి విచారిస్తాడన్నమాట. ఆయన్ను తప్పు పట్టలేం. ఆయనకు ఇంకో పాతిక పనులుంటాయి, ఇదొకటి.

2023లో కేంద్రం ఇంకో కర్ర పట్టుకుంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులో చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించి ఆదాయపు పన్ను తగ్గించుకోవడం కుదరదంది. మంచి ఆలోచనే. ఏమైంది? 2024 మొదటి నెలల్లో వస్త్ర వ్యాపారంలో ఆర్డర్లు రద్దయ్యాయన్న గగ్గోలు. చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ వదులుకోండి, లేకపోతే మధ్యతరహా సంస్థల దగ్గర కొనుక్కుంటామన్న బెదిరింపులు. తనను కాపాడే కాగితాన్ని తానే చించుకోవాల్సిన స్థితి చిన్నవాడిది. అసలు కిటుకు ఇంకోచోట ఉంది. ఈ కర్ర ఆదాయపు పన్ను కట్టేవాడికే తగులుతుంది. ప్రభుత్వ శాఖలు ఆదాయపు పన్ను కట్టవు!

బిల్లులను వేలంలో బ్యాంకులకు అమ్ముకునే ట్రెడ్స్ వేదికల మీద 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలన్నీ నమోదు కావాలన్నారు. ఉపయోగపడే ఏర్పాటే, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు కొన్ని దీనితో దారిలో పడ్డాయి కూడా. కానీ ‘ఈ బిల్లు నాదే, ఒప్పుకున్నాను’ అని మీట నొక్కాల్సింది కొన్నవాడే. నమోదు కావడం వేరు, నొక్కడం వేరు.

ఇక మొదటి ముద్దాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, వాటి సంస్థలు, పెద్ద పరిశ్రమలు కలిసి చిన్న పరిశ్రమలకు పడిన బాకీ దాదాపు 5 లక్షల కోట్లు ఉంటుందని 2020లో అన్నది ప్రతిపక్షం కాదు, అప్పటి చిన్న పరిశ్రమల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ. అదే ఏడాది మే నెలలో కొవిడ్ ప్యాకేజీ ప్రకటిస్తూ, కేంద్రమూ దాని సంస్థలూ పడిన బాకీలు 45 రోజుల్లో తీరుస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ మాట ఇచ్చారు. చట్టం 2006లోనే చెప్పిన 45 రోజులను పద్నాలుగేళ్ల తర్వాత వరంలా ప్రకటించడంలోనే అసలు కథ తెలిసిపోతోంది. ఆ తర్వాత రెండేళ్లకు గేమ్, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ సంస్థల అంచనాలో ఆలస్యపు చెల్లింపులు 10.7 లక్షల కోట్లుగా తేలాయి.

రాష్ట్రాల సంగతి అంతకన్నా అధ్వానం. తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వంతో లావాదేవీ ఉన్న ఏ చిన్న కాంట్రాక్టరును, సరఫరాదారును కదిపినా ‘టోకెన్ పడింది, డబ్బు పడలేదు’ అన్న మాట వినిపిస్తుంది. బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, నంబరు వస్తుంది, అక్కడే కూర్చుంటుంది. ముందొచ్చిన బిల్లుకు ముందు డబ్బు అన్నది నియమం. ఎవరి బిల్లు ఎప్పుడు కదులుతుందో మాత్రం పైవాళ్లకే ఎరుక. 2025 మార్చిలో హైదరాబాద్ సచివాలయంలో చిన్న కాంట్రాక్టర్లు ఉప ముఖ్యమంత్రి ఛాంబర్ ఎదుటే బైఠాయించారంటే విసుగు ఎంత దూరం వచ్చిందో ఊహించుకోవచ్చు. పరిశ్రమల ప్రోత్సాహకాల కథా అంతే. పెట్టుబడి రాయితీ వస్తుందని విధానపత్రంలో రాస్తారు, దాన్ని నమ్మి యజమాని లోన్ తీసుకుంటాడు, కమిటీ ‘శాంక్షన్’ చేస్తుంది, ‘రిలీజ్’ మాత్రం ప్రభుత్వాలు మారినా కాదు. 2025 నవంబరులో విశాఖ పెట్టుబడుల సదస్సులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రోత్సాహకాలను ఎస్క్రో ఖాతా ద్వారా ఇస్తామన్నారు. అభినందించాల్సిందే. కానీ వేరే ఖాతాలో డబ్బు పెట్టి చూపిస్తే తప్ప ప్రభుత్వం మాట ఎవరూ నమ్మరని సర్కారు నోటనే వచ్చినట్టయింది కదా. వేల కోట్లతో వచ్చే పెట్టుబడిదారుకు ఎస్క్రో. ఆటోనగర్ షెడ్డుకు టోకెన్ నంబరు.

ఇదంతా చదివి చిన్న యజమానిని అమాయకుడనుకోనక్కర్లేదు. తనకు ఆగిన డబ్బును అతను తన కిందివాడికి ఆపుతాడు. ప్లేటింగ్ చేసేవాడికి, పెయింటింగ్ చేసేవాడికి, చివరకు ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన పనివాడి ఓవర్‌టైముకు. భూములమ్ముకునో, విదేశాల్లో ఉన్న బిడ్డలు పంపిన డాలర్లతోనో నెట్టుకొచ్చేవాళ్లు నిలబడతారు. అలాంటి ఊతం లేనివాళ్లే మొదట పడిపోతారు. కేంద్ర కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ యజమానుల సంస్థలకు 4 శాతం వాటా ఇవ్వాలన్న 2012 నాటి లక్ష్యం అందనే లేదు. తాత ఆస్తి లేని మనిషికి ఆరు నెలల అరువు పెట్టి సరఫరా చెయ్యమంటే ఎలా చేస్తాడు?

పేద దేశాల్లో ఇంతేలే అనేవారికి జపాన్ సంగతి చెప్పాలి. 1956లో, యుద్ధంలో ఓడి పదకొండేళ్లకే, ఇంకా సంపన్న దేశం కాకముందే, సబ్‌కాంట్రాక్టర్ల డబ్బు ఆపడాన్ని అరికట్టే చట్టం చేసుకుంది. సరుకు అందిన 60 రోజుల్లో చెల్లించి తీరాలి. అంతకన్నా ముఖ్యం, అక్కడ చిన్నవాడు ఫిర్యాదు చేసేదాకా ఎదురుచూడరు. వ్యాపార పోటీని కాపాడే కమిషనే ఏటా లక్షల మంది సరఫరాదారులకు ప్రశ్నపత్రాలు పంపి అడుగుతుంది. తప్పు దొరికితే పేరు బయటపెడుతుంది. 2024 మార్చిలో నిస్సాన్ వంతు వచ్చింది. 36 మంది సరఫరాదారులకు ఇవ్వాల్సిన దాంట్లో దాదాపు 300 కోట్ల యెన్లు కోత పెట్టినట్టు కమిషన్ లోకానికి చెప్పింది. ఫిర్యాదు చేసిందెవరో నిస్సాన్‌కు తెలియాల్సిన పనే లేకపోయింది. 2026 జనవరి నుంచి అక్కడ ప్రామిసరీ నోట్లతో చెల్లించడం కూడా నిషేధం.

మన దగ్గర అంత శ్రమ కూడా అక్కర్లేదు. ఎవరు ఎవరికి ఏ తేదీన ఎంతకు అమ్మారో జీఎస్టీ నెట్‌వర్క్‌కు బిల్లుతో సహా తెలుసు. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నాడంటే సరుకు ఒప్పుకున్నట్టే, ఇక ‘ఇన్‌స్పెక్షన్ పెండింగ్’ అనే నాటకానికి చోటు లేదు. జీఎస్టీ చట్టంలో 180 అన్నచోట, సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లుల వరకైనా, 45 అని దిద్దాలి. ఆ రోజులోగా డబ్బు చెల్లించకపోతే క్రెడిట్ దానంతటదే వెనక్కి పోవాలి. అడిగేవాడు ఉండడు, కనుక పగబట్టడానికీ ఎవరూ దొరకరు. ఇన్‌పుట్ క్రెడిట్‌తో పనిలేని ప్రభుత్వ శాఖలకు ఈ ఉచ్చు తగలదు కాబట్టి వాటికి వేరే మందు కావాలి. 46వ రోజు నుంచి వడ్డీ ట్రెజరీ సాఫ్ట్‌వేరే లెక్కకట్టి, ఆ శాఖ బడ్జెట్‌లోంచే కోసి, అసలుతో కలిపి సరఫరాదారు ఖాతాలో వెయ్యాలి.

జీఎస్టీ మండలిలో మన రెండు రాష్ట్రాల ఆర్థిక మంత్రులకూ కుర్చీలున్నాయి. పెద్ద కంపెనీల 180ని 45 చెయ్యమని అక్కడ ప్రతిపాదించేవారు, రాష్ట్రం దాటేముందు తమ ఖజానాలో ఆగిన టోకెన్ల జాబితాను తేదీల వారీగా, శాఖల వారీగా వెబ్‌సైట్‌లో పెట్టి వెళ్లాలి.